ఊరకవేళలో తుంపర

1వ రోజు

నిన్న నల్లబడ్డ గుడ్లు ఇవాళ పొద్దున పగిలాయి. నాలుగు వందల పద్దెనిమిది పురుగులు. మూడుసార్లు లెక్కపెడితే మూడు అంకెలు వచ్చాయి. మధ్య అంకె రాసుకున్నాను. చీమకన్నా చిన్నగా ఉన్నాయి. ఈకతో తట్టలోకి దించేటప్పుడు ఊపిరి బిగబట్టాను, నా ఊపిరికే ఎగిరిపోతాయేమోనని.

ఇవే మిగిలినవి. అంగారకుడి మీద ఇంకెక్కడా పట్టుపురుగు లేదు. ముప్పై ఏళ్లు నేను తిప్పిన, గది వేడీ తడీ చూసే మరల పెట్టె చెడిపోయి, వెనకటి రెండు పంటలూ ఎండి చచ్చాయి. ఒక్క తల్లి పెట్టిన గుడ్ల అట్ట చల్లపెట్టెలో ఉండబట్టి దక్కింది. ఈ పంట కూడా పోతే విత్తనం పోయినట్టే. ఆస్పత్రిలో కుట్లు వేసే దారం ఈ గది నుంచే వెళ్తుంది. ఇదీ పోతే గదిని ఆలుగడ్డలకు ఇచ్చేస్తామని మా ఊరంతా ఉండే ఈ గుమ్మటం సంఘంవాళ్లు నా ముందే చెప్పారు. ఆలుగడ్డలంటే నాకు కోపం లేదు. కానీ అవి ఎక్కడైనా పెరుగుతాయి కదా.

పాత పెట్టె ఉన్న చోట ఇప్పుడు గోడకు ఒక తెర బిగించారు. అందులో కనపడేదాని పేరు అరుగు. గది వేడి, తడి, గాలి అన్నీ దాన్నుంచే నడపాలి. దాన్ని ఏ కంపెనీ చెయ్యలేదు. మా గుమ్మటంవాళ్లూ, పక్క గుమ్మటాలవాళ్లూ పనులు అయ్యాక కూర్చుని రాసుకున్నారట. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చవచ్చు. ఎవరైనా మార్చవచ్చన్న మాట దగ్గరే నాకు గుబులు. మా ఇంట్లో ఎవరైనా జరపవచ్చు అనుకున్న వస్తువు ఒక్కటీ ఉన్న చోట ఉండదు.

హుసేన్‌బీ వచ్చి నేర్పించింది. పగలంతా పైపులకు అతుకులు వేసే పని ఆ పిల్లది. పిల్ల అంటున్నాను గానీ నలభై దాటాయి.

"అవ్వా, ఇట్ల వేలితో ఒత్తు. ఇది వేడి, ఇది తడి, ఇది గాలి. అంతే."

"అంతేనా తల్లీ?"

"అంతే."

అంతే అని ఎవరన్నా నేను ఇంకేదో ఉందని వెతుకుతాను. తెర కింది మూలన ఎర్రగా ఒక గుండీ కనపడితే అదేమిటని అడిగాను.

"ఏమన్నా తప్పు జరిగితే అది ఒత్తి చెప్పు. మాకొస్తాది."

"మాకంటే ఎవురికి?"

"తడి పనంతా నేను రాసిందే. నాకే వస్తాది."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఈ దినచర్య మాత్రం మల్బరీ బెరడు కాగితం మీదే రాస్తున్నాను. తెర మీద రాసింది రేపటికి ఉంటుందో లేదో.

2వ రోజు

నిన్న ఎడమవైపు ఉన్న "తడి" ఇవాళ కుడివైపుకు పోయింది. "వేడి" కనపడనే లేదు. గంటసేపు వెతికాను. చివరికి గడియారం బొమ్మ వెనక దాక్కుని ఉంది. అక్షరాలు ఒకసారి ఆవగింజల్లా, ఒకసారి గుమ్మడికాయల్లా వస్తున్నాయి. "గాలి" అన్నమాటలో "గా" ఒక్కటే తెరంతా నిండింది. "లి" ఎక్కడికి పోయిందో.

ఎలాగో పురుగులకు వేడి, తడి సరిపోయాయి. ఆకు సన్నగా తరిగి నాలుగు పూటలు వేశాను.

3వ రోజు

తెర మూసి తెరిస్తే నేను పెట్టిన లెక్కలన్నీ మరిచిపోయి, "కొత్తగా వచ్చారా? స్వాగతం!" అంది. మొన్ననే వచ్చానని చెప్పాను.

ఎర్ర గుండీ ఎందుకు ఒత్తలేదో ఇక్కడ రాసుకుంటే మనసు తేలికవుతుంది. ఈ గుమ్మటాన్ని కంపెనీ నడిపిన రోజుల్లో మా వీధి తలుపు కిర్రుమంటోందని నేనొకసారి చెప్పాను. చెడుగా ఏమీ అనలేదు, కిర్రుమంటోందని మాత్రమే అన్నాను. తలుపులు చూసే రామాంజులుకు నెల్లాళ్లు సగం నీళ్లు కోసేశారు. ఆయన భార్య చెంబు పట్టుకుని మా ఇంటికే వచ్చింది, "ఎవురో పాపిష్టోళ్లు చెప్పినారు అక్కా" అని ఏడుస్తూ. నెల్లాళ్లూ రోజుకొక చెంబు పోశాను. చెప్పింది నేనేనని ఆమె పోయేదాకా చెప్పలేదు.

కంపెనీ పోయి ఇరవై ఏళ్లయింది. అయినా ఎవరో ఒకరు తప్పు జరిగిందని చెప్తే ఎవరో ఒకరి గొంతు ఎండుతుందని నా ఒంటికి తెలుసు. హుసేన్‌బీకి ఇద్దరు పిల్లలు.

4వ రోజు

పురుగులకు మొదటి జ్వరం. నిజం జ్వరం కాదు. చర్మం విడిచే ముందు తల పైకెత్తి, తినకుండా, కదలకుండా నిలబడతాయి. అప్పుడు ముట్టుకోకూడదు, ఆకు వెయ్యకూడదు. చూస్తూ ఉండాలి. ఓర్చుకోలేనివాళ్లు పట్టు పనికి పనికిరారు. నాకు ఓర్పు లేదు, భయం ఉంది. భయం ఉన్నా చేతులు ముడుచుకుని కూర్చోవచ్చు.

సాయంత్రం తెర కూడా కదలకుండా నిలబడిపోయింది. దాని మీద ఇలా రాసి ఉంది: "ఏమో అయింది. ఏమైందో నాకూ తెల్దు."

దీనికీ జ్వరమే అనుకున్నాను. ముట్టుకోలేదు. ముప్పావు గంటకు దానంతటదే లేచింది. లేచాక రంగు మారి ఉంది. అచ్చం చర్మం విడిచినట్టే.

6వ రోజు

హుసేన్‌బీ పనికి పోతూ గుమ్మంలో తల పెట్టింది. కళ్ల కింద నల్లగా ఉంది.

"ఎట్లుందవ్వా అరుగు?"

"బంగారం తల్లీ."

"నిజంగానా? అందురూ తిట్టేవాళ్లే. బువ్వల గదిలో అయితే నన్ను చూస్తే గరిటె ఎత్తుతాండారు."

"వాళ్లకి ఓర్పు లేదులే."

ఆ పిల్ల ముఖం విప్పారింది చూడండి, చిన్నపిల్లకు కొత్త గాజులు తొడిగినట్టు. ఆ ముఖం చూశాక గడియారం వెనక దాక్కున్న వేడి గురించి ఎవరు చెప్తారు?

8వ రోజు

రెండో జ్వరం కూడా దాటాయి. నాలుగు వందల తొమ్మిది ఉన్నాయి. తొమ్మిది ఎందుకు పోయాయో తెలియదు. తొమ్మిదింటికీ వేరువేరుగా బాధపడ్డాను.

ఇవాళ ఒక వింత చూశాను. ఇక్కడి రోజు భూమ్మీది రోజుకన్నా నలభై నిమిషాలు పొడుగు. మా పెద్దలు భూమి గడియారాలే వెంట తెచ్చుకున్నారు. అందుకని మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే గుమ్మటంలో గడియారాలన్నీ నలభై నిమిషాలు ఆగి, మళ్లీ పన్నెండు నుంచే నడుస్తాయి. ఆ ఆగిన కాలాన్ని ఊరకవేళ అంటాం. అప్పుడు ఎవరూ పని చెయ్యకూడదు, ఎవరి తలుపూ తట్టకూడదు. చావు కబురైనా ఊరకవేళ దాటాకే చెప్తారు. జనం వీధిలో కూర్చుని పులి–మేక ఆడుకుంటారు, కునుకు తీస్తారు. నేను మాత్రం గదిలోనే ఉంటాను. పురుగులకు ఊరకవేళ తెలియదు, ఆకు నములుతూనే ఉంటాయి. వాటి పక్కన కూర్చోవడం పని కాదని నాకు నేను చెప్పుకుంటాను.

ఇవాళ్టి నుంచి మధ్యాహ్నం ఆకు వేశాక గోడ గొట్టాల్లోంచి పది నిమిషాలు తుంపర పడాలి. పదకొండూ యాభై ఐదుకు మొదలై పన్నెండూ ఐదుకు ఆగాలి. ఇవాళ అది ఆగలేదు. ఊరకవేళ మొత్తం పడుతూనే ఉంది. గోడలు కారుతున్నాయి. తెర ముట్టుకుంటే ఉలుకూ పలుకూ లేదు. ఊరకవేళ అయిపోయాక ఐదు నిమిషాలకు ఆగింది.

చిన్న పురుగులకు తడి మంచిదే. ఇప్పటికి ఏమీ కాదు. కానీ పెద్దయ్యాక తడి ఎక్కువైతే సున్నపుకట్టు రోగం పట్టి సుద్దముక్కల్లా బిగుసుకుపోతాయి. ముందుముందు ఎట్లాగో అని రాత్రి రెండుసార్లు లేచి గోడలు తడిమి చూశాను.

12వ రోజు

మూడో జ్వరం. నాలుగు వందల ఐదు.

ఊరకవేళ తుంపర రోజూ ఇంతే. తుంపర నాలుగు గొట్టాల్లోంచి వస్తుంది కాబట్టి నాలుగు గొట్టాల మూతులకూ నాలుగు చెంబులు కట్టాను. అవి నిండగానే బకెట్‌లో పోసి మళ్లీ కడతాను. నలభై నిమిషాల్లో పదహారుసార్లు. నడుము విరుగుతోంది గానీ గది తడవడం లేదు.

నీళ్లు కట్టేసే చక్రం గోడ అవతల పైపుల సందులో ఉంది. దాని తాళం హుసేన్‌బీ దగ్గర. తాళం అడిగితే ఎందుకని అడుగుతుంది.

మా వదిన ఈరక్క, అంటే మా ఆయన అక్క, గుమ్మం దగ్గర నిలబడి చూసింది. పులి–మేక ఆటలో ఆమెను గెలిచినవాళ్లు మా వీధిలో లేరు.

"ఏమ్మే ఓబుళూ, ఊరకవేళల్లో నీళ్లు మోస్తాండావా?"

"మోయడం కాదు వదినా, పడతాండా."

"గోడకి పాలు పిండుతాండావు. ఆ హుసేన్‌బీకి చెప్పరాదా?"

"పాపం, ఆ పిల్ల కష్టపడి రాసింది."

"కష్టపడి రాస్తే నీళ్లు కారేదేంది? నేను కష్టపడి సంగటి చేస్తే గట్టిగా ఉండదా?"

నేను నిండిన చెంబు విప్పి బకెట్‌లో కుమ్మరించాను.

15వ రోజు

ఈ వారంలో మూడుసార్లు "కొత్త కూర్పు వచ్చింది" అని తెర మీద పడింది. అరుగును వాళ్లు మార్చి రాసిన కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా అన్నీ మారిపోతాయి. నిన్నటిదాంట్లో మూసే గుండీ లేదు. తెరిచినవన్నీ తెరిచే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, పదిహేడు. ఇవాళ్టిదాంట్లో ఏది ఒత్తినా చిన్నగా చప్పట్లు వినపడుతున్నాయి. పురుగులు ఉలిక్కిపడతాయేమోనని తెరకు నా పాత చీర చెంగు అడ్డం కట్టాను.

అయినా ఒక మాట రాయాలి. ఇవాళ తెర మూల ఒక కొత్త వాక్యం కనపడింది: "ఓబుళవ్వ అడిగినందుకు అక్షరాలు పెద్దవి చేసినాం." నేను అడగలేదు. నేను కళ్లు చికిలించడం ఆ పిల్ల చూసి ఉంటుంది. పాత మరల పెట్టె ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా నా కళ్ల గురించి అనుకుందా?

17వ రోజు

నాలుగో జ్వరం. ఇదే ఆఖరిది, ఇదే పెద్దది. పురుగులు చిటికెన వేలంత అయ్యాయి. తట్టల మీద సున్నం పొడి చల్లి చేతులు కట్టుకు కూర్చున్నాను. రోజంతా ఒక్కటీ కదలలేదు. నేనూ కదలలేదు. తెర రెండుసార్లు కదిలింది.

20వ రోజు

ఇప్పుడు ఆకు నమిలే చప్పుడు వాన పడుతున్నట్టు ఉంది. వాన నేను చూడలేదు, మా అమ్మ చెప్పింది.

తెలివి చేశాననుకున్నాను. మధ్యాహ్నం ఆకును పదకొండున్నరకే వేసి, తుంపరను పదకొండూ నలభైకే ఆపమని పెట్టాను. అప్పుడు ఊరకవేళతో పేచీ లేదు కదా. రెండు రోజులు చక్కగా ఆగింది. చెంబులు విప్పేశాను. రెండు రోజులు నేనూ వీధిలో కూర్చుని పులి–మేక ఆడాను. ఈరక్క నా మేకలన్నీ తినేసింది.

ఇవాళ కొత్త కూర్పు వచ్చి, నేను పెట్టిందంతా చెరిపేసి, మళ్లీ పదకొండూ యాభై ఐదు చేసింది. మళ్లీ చెంబులు కట్టాను.

గుమ్మంలో హుసేన్‌బీ, "బాగుందా అవ్వా?" అంది.

"బంగారం" అన్నాను. ఈసారి చెంబులు కనపడకుండా గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

24వ రోజు

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున పురుగులు తినడం మానేశాయి. ఒళ్లు పండు ద్రాక్షలా మెరిసి, తలలెత్తి, గూడు కట్టడానికి చోటు వెతుకుతున్నాయి. పండిన పురుగులను ఒక్కొక్కటే ఏరి చంద్రికల మీదకు ఎక్కించాను. చంద్రికంటే గుండ్రంగా చుట్టిన అల్లిక చాప. దాని మడతల్లో అవి గూడు అల్లుకుంటాయి. పట్టు పనిలో ఈ రెండు రోజులే ప్రాణం. గది పొడిగా ఉండాలి. తడి తగిలితే దారం సాగదు, పురుగు గూడు కట్టకుండానే కుళ్లిపోతుంది.

పది గంటలకు తెర మీద పూలగుత్తి బొమ్మతో "కొత్త కూర్పు! అందరికన్నా ముందుగా పట్టుగదికి!" అని పడింది. కింద రెండు గుండీలు. "సరే" అని ఒకటి, "కాసేపాగి సరే" అని ఒకటి. వద్దు అని లేదు. "కాసేపాగి సరే" ఒత్తాను. కాసేపాగి అదే సరే అనుకుంది.

నేను పొద్దునే ఆపి పెట్టిన తుంపర పదకొండూ యాభై ఐదుకు మొదలైంది, కొత్త కూర్పు దాన్నీ చెరిపేసింది. ఇన్నాళ్లూ నాలుగు గొట్టాల్లోంచి వచ్చేది, ఇవాళ పన్నెండు గొట్టాల్లోంచి వచ్చింది. నాలుగు చెంబులు ఏ మూలకు? నేను ఉన్న చెంబులు కట్టి తెర దగ్గరకు పరిగెత్తేలోపు పన్నెండు కొట్టింది. ఊరకవేళ.

"ఏమో అయింది. ఏమైందో నాకూ తెల్దు."

"నీకే తెలియకపోతే ఎట్లా నాయనా?" అని తెరను పట్టుకుని ఊపాను. చంద్రికల మీద నీటి పొడి దిగుతోంది. చీర విప్పి కప్పుదామన్నా ఎన్నింటికి కప్పను?

వీధిలోకి వచ్చేశాను. ఈరక్క ఆట మధ్యలో తలెత్తింది.

"యాడికే?"

"హుసేన్‌బీ తలుపు కొట్టాల."

"ఊరకవేళే పిచ్చిదానా! మీ ఆయన పోయినప్పుడు గుడక నలభై నిమిషాలు నోరు నొక్కుకోని కూసుంటివి కదే!"

"ఆయన అప్పటికే పోయినాడు వదినా. ఇవి ఇంకా ఉండాయి."

అంటూనే నా చెయ్యి తలుపు మీద పడింది. నా చేతిలో అంత చప్పుడు ఉందని నాకు తెలియదు. వీధి వీధంతా తలలు తిప్పింది. హుసేన్‌బీ నిద్రకళ్లతో తలుపు తీసింది.

"ఎవురు పోయినారు?"

"ఇంకా ఎవురూ పోలేదు. తాళం తీసుకోని రా."

ఆ పిల్ల పట్టుగది గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. గొట్టాలను చూసింది, తెరను చూసింది, నా చెంబులను చూసింది. పైపుల సందులోకి దూరి చక్రం తిప్పింది. తుంపర ఆగింది.

కానీ గది అప్పటికే తడిసి ముద్దయింది. గాలి నడిపేది కూడా ఆ తెరే. అది ఇంకా పన్నెండు దగ్గరే నిలబడి ఉంది.

అప్పుడు ఈరక్క గొంతు వినపడింది. "ఏం సూస్తాండారు? తువ్వాళ్లు తెండి! తట్టలు తెండి, విసరండి!"

ఎవరో "ఊరకవేళ కదా పెద్దమ్మా, పని చెయ్యకూడదు" అన్నారు.

"విసురుకునేది పనెట్లయితాదిరా? పనిలేనోళ్లు చేసేదే అది!"

దాంతో అందరూ కదిలారు. పదిహేనుమంది గదిలోకి వచ్చారు. నేను సున్నం పొడి పళ్లేలు చంద్రికల కింద పెడుతుంటే కొందరు గోడలు తుడిచారు, కొందరు తట్టలతో విసిరారు. ఈరక్క పులి–మేక పలకతోనే విసిరింది. గడియారం పన్నెండు చూపిస్తూనే ఉంది.

అది మళ్లీ నడిచేసరికి గోడలు ఆరాయి. పురుగులు బతికాయో లేదో రెండు రోజులదాకా తెలియదు.

25వ రోజు

హుసేన్‌బీ ఇవాళ పనికి పోలేదు. ముక్కాలిపీట వేసుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఎప్పుట్నించి ఇట్ల?"

"రెండో వారం నించి చూస్తాండా."

"మధ్యాహ్నం పూట రోజూనా?"

"ఊరకవేళ మొత్తం."

ఆ పిల్ల రెండు చేతులతో తల పట్టుకుంది. "పన్నెండైదుకు ఆపమని రాసినా. గడియారం నలభై నిమిషాలు పన్నెండులోనే నిలబడితే పన్నెండైదు యాణ్నుంచి వస్తాది? అంతసేపూ దానికి ఏం చెయ్యాల్నో తెల్దు. మేం రాసేవాళ్లం ఒగరమూ ఊరకవేళలో తెర ముందర కూసోలేదవ్వా. ఈ తప్పు చూసిన మనిషివి నువ్వొక్కదానివే. మరి బంగారమంటివి కదా!"

"నీ మొగం చూసి అంటి."

"నా మొగం చూసి నీ పురుగుల్ని ముంచుకుంటివే!" అంది. కోపంగా మొదలుపెట్టి ఏడుపు గొంతుతో ముగించింది. "ఇంగోటి విను. పట్టుగది నుంచి ఒక్క తప్పూ రాలేదు కదా, ఆడ మా పని గట్టిగా ఉందనుకున్యాం. రెండో వారం నుంచి ప్రతి కొత్త కూర్పూ మొదట నీ గదికే పంపిస్తాండాం. బాగా లేనివి, ఉడికీ ఉడకనివి, అన్నీ. అవ్వ తట్టుకుంటాదిలే అని."

ఆ పిల్లను కాపాడాలని నోరు మూసుకుంటే, గుమ్మటంలో పచ్చివన్నీ నా పురుగుల నెత్తినే పడ్డాయి.

అప్పుడు రామాంజులు సంగతి చెప్పాను. తలుపు, సగం నీళ్లు, చెంబు, అన్నీ. ఆయన భార్యకు చెప్పలేకపోయింది హుసేన్‌బీకి చెప్పాను. ఆ పిల్ల ముక్కాలిపీట ఇంకొంచెం దగ్గరకు జరుపుకుంది.

"అవ్వా, మాకు జీతమే లేదు. కొయ్యాలన్నా ఏం కోస్తారు?"

నవ్వు వచ్చింది. ఇద్దరికీ వచ్చింది.

తర్వాత నా వేలు పట్టుకుని ఎర్ర గుండీ మీద పెట్టింది. నేను కళ్లు మూసుకుని ఒత్తాను. ఎవరి గొంతూ ఎండలేదు. తెర మీద ఒక పెట్టె తెరుచుకుని, "చెప్పవ్వా" అని అడిగింది. ఒకటోది ఊరకవేళ తుంపర. రెండోది "వద్దు" అనే గుండీ లేకపోవడం. అక్కడినుంచి ఆగలేదు. గడియారం వెనక వేడి, తప్పిపోయిన "లి", చప్పట్లు, పదిహేడు తెరుచుకోవడం. ముప్పై ఒకటి అయ్యాయి. ఇరవై తొమ్మిదోది తప్పు కాదట, నా కళ్లద్దాల మరకట. అయినా రాసుకుంది.

26వ రోజు

చంద్రికల మీద వెలుతురు పట్టి చూశాను. పలచటి పొరల్లో నల్లటి తలలు ఎనిమిది ఆకారంలో తిరుగుతున్నాయి. అల్లుతున్నాయి. అన్నీ కాదు. అరవై దాకా మడతల్లోంచి వేలాడుతూ మెత్తబడిపోయాయి. వాటిని ఏరి మట్టికి ఇచ్చాను. మిగిలినవాటిని లెక్కపెట్టలేదు, దిష్టి తగులుతుందని.

30వ రోజు

గూళ్లు విప్పాను. మూడు వందల నలభై ఆరు. తెల్లగా, గట్టిగా ఉన్నాయి. ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల బరువు కదులుతోంది. ప్రాణం ఉంది. వంద గూళ్లు విత్తనానికి తీసి, మిగతావి ఆస్పత్రి దారానికి పంపాను.

సంఘంవాళ్లు చూసిపోయారు. ఆలుగడ్డల మాట ఎత్తలేదు. కానీ విత్తనం పడేదాకా వాళ్లు ఎత్తకపోవడాన్ని నేను నమ్మను.

ముప్పై ఒక్క తప్పుల్లో ఇరవై నాలుగు సరిచేశారు. ఇప్పుడు ఊరకవేళలో తెర మీద గడియారం ఆగినా, దాని పక్కన చిన్న చుక్క కదులుతుంది, నలభై దాకా లెక్కపెడుతుంది. మొదట దాన్ని చూసి పురుగేమోనని తుడవబోయాను.

38వ రోజు

పొద్దున సీతాకోకలు గూళ్లు చీల్చుకుని బయటికి వచ్చాయి. తెల్లగా, పొట్టి రెక్కలతో, ఎగరలేక అట్టల మీదే తిరిగాయి. ఆడవాటినీ మగవాటినీ జతకట్టించి, విడదీసి, ఆడవాటిని ఒక్కొక్కదాన్ని ఒక్కో అట్ట మీద పెట్టి, వెలుతురు తగ్గించి కూర్చున్నాను. ఊరకవేళలో మొదటి తల్లి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. పసుపు చుక్కలు, పక్కపక్కనే, వరసలుగా. సాయంత్రానికి నలభై అట్టలు నిండాయి. ఒక్క అట్టతో మొదలుపెట్టాను. విత్తనం ఇప్పుడు నా ఒక్క గదిలో ఉంచను, పక్క గుమ్మటాలకు కూడా తలా నాలుగు పంపుతాను.

ఇవాళ అరుగు పొద్దుటినుంచీ ఒక్కసారి కూడా ఆగిపోలేదు. వేడి ఉన్న చోటే ఉంది. తడి ఉన్న చోటే ఉంది. చప్పట్లు లేవు. కొత్త కూర్పు రాలేదు. గంటకోసారి వెళ్లి చూశాను, ఏమీ జరగడం లేదు. నాలుగింటికి ఇక ఉండలేక ఎర్ర గుండీ ఒత్తాను. చూడకుండానే వేలు దాని మీదికి పోయింది. ఇలా రాశాను:

"తప్పు 32. పట్టుగది. పొద్దుటినుంచి ఏ తప్పూ జరగలేదు. నాకు భయంగా ఉంది. ఒకసారి వచ్చి చూసిపో తల్లీ."

రెండు నిమిషాలకు కింద జవాబు వచ్చింది: "మాకూ బయంగానే ఉందవ్వా. వస్తాండా."